ప్రార్థనలో పెట్టిన నెంబరు

మండపేటలో మా చర్చికి వచ్చే పిల్లలు పదో తరగతిలోకి వచ్చారంటే వాళ్ళకి రెండు భయాలు పట్టుకునేవి. ఒకటి పరీక్షలు, రెండోది మా స్త్రీల సమాజం సెక్రటరీ ఆంటీగారు. పరీక్షల భయం పదిహేను రోజుల్లో తీరిపోయేది. ఆంటీగారి భయం రిజల్టు వచ్చేదాకా ఉండేది, వచ్చాక ఇంకాస్త పెరిగేది.

ఆంటీగారు చెడ్డమనిషి కాదు, ముందే చెబుతున్నాను. ఎవరింట్లో జ్వరమొచ్చినా జావ కాచి పట్టుకెళ్ళే మనిషి. కాకపోతే ఆవిడ దగ్గర నల్లట్ట నోటుబుక్కు ఒకటుండేది. హాల్ టికెట్లు వచ్చాయని తెలియగానే ఇంటింటికీ తిరిగి పిల్లల నెంబర్లన్నీ అందులో ఎక్కించుకునేది. "నెంబరు చెప్పమ్మా, ప్రార్థనలో పెడతాం" అంటే కాదనడానికి ఎవరికి నోరొస్తుంది? ప్రతి శుక్రవారం సాయంత్రం ఆడవాళ్ళంతా చాపల మీద కూర్చుని కళ్ళు మూసుకుంటే, ఆవిడ ఒక్కో నెంబరూ అంకె అంకె విడదీసి దేవుడికి చదివి వినిపించేది. పేరు చెబితే సరిపోదా అని మా నాన్న ఒకసారి అడిగారు. ఒకే పేరుతో ఇద్దరుంటే దీవెన తారుమారైపోదాండీ అని ఆవిడ జవాబు.

ప్రార్థన వరకూ నాకే అభ్యంతరమూ లేదు. చిక్కల్లా మా ఊరికి ఇంటర్నెట్ రావడంతో వచ్చింది. రెండువేలు దాటిన తొలి ఏళ్ళవి. అంతకుముందు పేపర్లో పాసైన నెంబర్లు వేసి వదిలేసేవారు. ఇప్పుడు ఎవరైనా సరే నెంబరు కొడితే తెలుగులో ఎన్ని, హిందీలో ఎన్ని, లెక్కల్లో ఎన్ని, అన్నీ తెర మీదికి వచ్చేస్తున్నాయి. నా పదో తరగతికి ముందు ఏడాది ఆంటీగారు నోటుబుక్కు పట్టుకుని పొద్దున్నే నెట్ సెంటర్లో కూర్చుని, అందరి మార్కులూ పెన్సిల్‌తో రాసుకుని, మధ్యాహ్నానికల్లా వీధులన్నీ తిరిగేసింది. "ప్రార్థనకి జవాబొచ్చిందో లేదో చూసుకోవాలి కదమ్మా" అనేది. మా వీధిలో ఒకమ్మాయికి తన హిందీ మార్కులు పాలు పోసే ఆవిడ చెబితే తెలిశాయి.

ఇక నా సంగతి. మా నాన్న పక్క ఊరి హైస్కూల్లో లెక్కల మాస్టారు. ప్రీ-ఫైనల్లో నాకు లెక్కల్లో వచ్చినవి పంతొమ్మిది. పబ్లిక్ పరీక్ష తప్పుతానని నాకు తెలిసిపోయింది. తప్పితే తప్పాను, ఆ మాట నాన్నకి నా నోటితో నేనే చెప్పాలి. ముందు నేను చూసుకోవాలి, కాసేపు ఏడవాలి, ముఖం కడుక్కోవాలి, అప్పుడు వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడాలి. దానికి నాక్కావలసింది ఒక్క గంట. ఆ గంటసేపు నా మార్కులు నావిగా ఉండాలి. ఆంటీగారి నోటుబుక్కులో నా నెంబరుంటే ఆ గంట దక్కదు.

అందుకని ఆవిడ వచ్చి అడిగినప్పుడు నా నెంబరుకి ఒకటి కలిపి చెప్పాను.

ఆ ఒకటి కలిపిన నెంబరు ఎవరిదో నాకు బాగా తెలుసు. అటెండెన్స్‌లో నా తర్వాతి పేరు, పరీక్ష హాల్లో నా వెనక బెంచీ, నా ప్రాణ స్నేహితురాలు. లెక్కల్లో క్లాసు ఫస్టు. వాళ్ళు మా చర్చికి రారు కాబట్టి దాని నెంబరు నోటుబుక్కులో ఉండదు. ఆంటీగారు ఆ నెంబరు కొట్టి తొంభయ్యో తొంభై అయిదో చూసి ఊరంతా నన్ను మెచ్చుకుంటుంది, ఈలోగా నా అసలు మార్కులు నేను గుట్టుగా చూసుకుంటాను. తెర మీద నెంబరూ మార్కులే తప్ప పేరు ఉండదని అంతకు ముందు ఏడాది ప్రింట్లు చూసి తెలుసుకున్నాను కూడా. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ రెండు నెలలూ శుక్రవారం శుక్రవారం మా అమ్మతో సహా పాతికమంది ఆడవాళ్ళు కళ్ళు మూసుకుని నా స్నేహితురాలి కోసం ప్రార్థన చేస్తుంటే, నేను కూడా పక్కనే కూర్చుని ఆమెన్ అన్నాను.

రిజల్టు వచ్చిన రోజు పదకొండింటికి నెట్ సెంటర్‌కి వెళ్తే లోపల కాలు పెట్టే చోటు లేదు. ఉన్నవి మూడు కంప్యూటర్లు, అందులో ఒకటే పనిచేస్తోంది. దాని ముందు ప్లాస్టిక్ కుర్చీలో ఆంటీగారు. సెంటర్ నడిపే ఆయన నెంబరు కొట్టడం, పేజీ వచ్చేదాకా టీ తాగడం, వచ్చాక అందరికీ వినబడేలా పైకి చదవడం. దాచుకోవడమన్నది ఆయన సెంటర్లో లేని సదుపాయం.

"ఇదిగో, వచ్చింది. రామ్మా, నీదే కొట్టిస్తున్నాను" అంది ఆంటీగారు నన్ను చూడగానే.

పేజీ పైనుంచి కిందికి నెమ్మదిగా దిగింది. అన్నిటికంటే పైన, ఆ ఏడాది కొత్తగా, పేరు. నా స్నేహితురాలి పేరు, ఇంటిపేరుతో సహా. కింద వాళ్ళ నాన్న పేరు కూడా వేశారు.

"ఇదేంటమ్మా, నీ పేరు మారిపోయిందేంటి?" అంది ఆంటీగారు.

సెంటర్ ఆయన ఆగలేదు. "తెలుగు డెబ్భై ఎనిమిది. హిందీ అరవై ఒకటి. లెక్కలు ఇరవై తొమ్మిది. ఫెయిలండి" అని చదివేశాడు.

నేను తప్పు విన్నాననుకున్నాను. లెక్కల పేపర్లు రెండిటికీ దానికి ఒళ్ళు కాలిపోయే జ్వరమనీ, రెండూ సగానికి పైగా తెల్లగా ఇచ్చేసి వచ్చిందనీ నాకప్పటికి తెలియదు. ఎలా రాశావే అంటే బాగానే రాశానంది. ఎవరికీ చెప్పలేదు. దాచుకోవలసింది దానికీ ఉంటుందని నా బుర్రకి తట్టనే లేదు.

ఆంటీగారు నోటుబుక్కు వైపూ, తెర వైపూ, నా వైపూ చూసింది. "అయితే ఈ రెండు నెలలూ మేము ఎవరికోసం ప్రార్థన చేశామమ్మా?" అంది. అందరూ నా వంకే చూస్తున్నారు. అసలు నెంబరు చెప్పక తప్పలేదు. ఆయన కొట్టాడు, టీ తాగాడు, చదివాడు. లెక్కలు ముప్ఫై ఎనిమిది, పాస్. నేను ఎగిరి గంతెయ్యాలి. ఆంటీగారు మాత్రం చిన్నబుచ్చుకుంది. "మేము ప్రార్థన చెయ్యకుండానే పాసైపోయావా!" అంది.

ఇంటికెళ్ళి నాన్నకి అంతా చెప్పేశాను. "లెక్కల మాస్టారి కూతురివి, ఒకటి కలపడమైతే వచ్చిందన్నమాట" అన్నారు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

ఆ రోజే సాయంత్రం నా స్నేహితురాలి ఇంటికి వెళ్ళాను. దాని నాన్న రైస్ మిల్లులో బస్తాలు మోసేవాడు. ఆంటీగారి భర్త అదే మిల్లులో గుమాస్తా. ఆంటీగారు నెట్ సెంటర్ నుంచి తిన్నగా మిల్లుకెళ్ళి భర్తకి చెప్పింది. ఆయన జాలిపడి, "మీ అమ్మాయి కోసం మావాళ్ళు రెండు నెలలు ప్రార్థన చేశారయ్యా, ఏం చేస్తాం" అని తూకం దగ్గర పదిమందిలో అతన్ని ఓదార్చాడు. అతను మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి, కంచం ముందు కూర్చుని, లేచి వెళ్ళిపోయాడు.

అది గుమ్మంలోనే నిలబడి మాట్లాడింది, లోపలికి రమ్మనలేదు.

"నాకు తెలుసే తప్పుతానని. నాన్న అన్నం తిన్నాక పక్కన కూర్చుని నేనే చెబుదామనుకున్నాను. నా రిజల్టు మా నాన్న వచ్చి నాకు చెప్పాడు" అంది. నేనేదో అనబోయాను. "నీ నెంబరు నువ్వు దాచుకో, ఎవరొద్దన్నారు? నాదెందుకిచ్చావే?"

నేను అడిగిన గంటే అదీ అడుగుతోంది. నా గంట కాపాడుకోవడానికి దాని గంట తీసుకెళ్ళి మైకులో పెట్టాను.

ఇరవై రోజులు అది నాతో మాట్లాడలేదు. మా నాన్నే వాళ్ళింటికి వెళ్ళి, సప్లిమెంటరీకి లెక్కలు నేను చెబుతానమ్మా, సాయంత్రాలు రా అని పిలిచారు. అది వచ్చింది. మా అరుగు మీద కూర్చుని లెక్కలు చేసింది, నేను మంచినీళ్ళందించాను. మొదట్లో గ్లాసు మాత్రం తీసుకునేది, తర్వాత్తర్వాత ఒకటీ అరా మాట.

ఆంటీగారికీ మనసు బాగోలేదు. ఒక రోజు నోటుబుక్కుతో నా దగ్గరికే వచ్చింది. "మొదలుపెట్టిన ప్రార్థన మధ్యలో వదలకూడదమ్మా. ఆ అమ్మాయి సప్లిమెంటరీ నెంబరెంతో చెప్పు" అంది.

"నాకు తెలీదండి" అన్నాను. నిజంగానే తెలీదు. అది చెప్పలేదు, నేనడగలేదు.

"నెంబరు లేకుండా ప్రార్థన ఎలా చెయ్యాలమ్మా!" అంది ఆవిడ. వేళాకోళం కాదు, పాపం నిజంగానే ఇబ్బంది పడింది. చివరికి ఆ శుక్రవారం కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఎవరికోసమో నీకు తెలుసు" అని ఊరుకుంది. నాకు తెలిసి ఆవిడ చేసిన అతి చిన్న ప్రార్థన అదే.

సప్లిమెంటరీ రిజల్టు రోజు పొద్దున్నే అది మా ఇంటికొచ్చి, "నెట్ సెంటర్‌కి తోడు రా" అంది. తలుపులు తీసీ తియ్యకముందే వెళ్ళాం. సెంటర్ ఆయన ఊడుస్తున్నాడు. నేనే కొడతానండి అని అది కుర్చీలో కూర్చుంది. హాల్ టికెట్ తీసి, అరచెయ్యి అడ్డం పెట్టుకుని, నా వైపు చూసింది.

"అటు తిరుగు" అంది.

తిరిగాను. గోడకి ఎరువుల కొట్టు క్యాలెండరుంది. ఆ నెలలో అమావాస్య ఎప్పుడో, వర్జ్యాలెప్పుడో, మాకవసరం లేనివన్నీ వరసగా చదివాను. వెనక ఒక్కో మీటా నొక్కిన చప్పుడు, తర్వాత ఏమీ లేదు, చాలాసేపు ఏమీ లేదు.

"పాస్" అంది.

నేను తిరిగేసరికి పేజీ మూసేసి ఉంది. ఏడుస్తూ నవ్వుతోంది. ఎన్నొచ్చాయే అని నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. అది మా ఇంటివైపు చూడను కూడా లేదు, తిన్నగా మిల్లువైపు పరిగెత్తింది.

ఇరవై ఏళ్ళు దాటింది. ఇప్పటికీ వారానికోసారి ఫోన్లో మాట్లాడుకుంటాం. దాని బీపీ ఎంతో, దాని మొగుడు ఏ కూర ముట్టడో, అన్నీ నాకు తెలుసు. ఆ లెక్కల మార్కులు మాత్రం నాకింకా తెలీదు.