నాలుగు వేళ్ల వెలితి

సత్యవేణికి అన్నీ నిండుగా ఉండాలి. బియ్యం కొలిస్తే కుంచం మీద గోపురం లేవాలి, మజ్జిగ పోస్తే గ్లాసు అంచు తడవాలి. భర్త పెదబాబుది పూర్తిగా ఎదురు దారి. గోదారి మీద దిండి హౌస్‌బోట్లలో ఏళ్ల తరబడి వంట చేసిన మనిషి. పడవలో ఏ గిన్నెనైనా అంచుకి నాలుగు వేళ్లు కిందే ఆపాలి. పక్కనుంచి ఇంకో పడవ పోతే ఆ కుదుపుకి సాంబారు ఒలికి కాళ్లు కాలతాయి. ఆ అలవాటు అతనితో పాటు ఒడ్డుకీ వచ్చేసింది.

టాక్సీగా తిప్పుదామని కరెంటు కారు కొన్నప్పుడూ అదే పద్ధతి. ఫోన్లో కారు యాప్ తెరిచి, అందులో గీతని జరిపి, ఛార్జింగు ఎనభై శాతం దగ్గర ఆగిపోయేలా పెట్టాడు.

"రోజూ నిండా ఎక్కిస్తే బ్యాటరీ తొందరగా ముసల్దైపోద్ది. దూరం వెళ్లే రోజు ఎక్కిద్దాంలే."

"సగం కడుపుతో బండిని పంపుతారేంటండీ?"

"ఎనభై అంటే సగమా? నీ లెక్కలు కూడా నీ వడ్డనలాగే ఉన్నాయి."

కిందటి వర్షాకాలం పెదబాబు పడవ మీంచి గోదాట్లో పడిపోయాడు. మనిషి శవమై దొరికాడు. జేబులోని ఫోను దొరకలేదు.

దినాలు అయ్యాక కారు సత్యవేణే నడపసాగింది. మొదటిసారి ఛార్జింగు పెడుతూ తన ఫోన్లో గీతని వందకి జరిపింది. పొద్దున్న చూస్తే ఎనభై. మర్నాడూ అంతే. గీత మళ్లీ వెనక్కి వచ్చి ఉంది. కంపెనీకి ఫోన్ చేస్తే ఒకమ్మాయి ఓపిగ్గా చూసి చెప్పింది.

"బండిలో లోపం ఏమీ లేదండి. మీ బండి రెండు ఫోన్లకి కలిపి ఉందండి. రెండో ఫోన్లోంచి ఎవరో మారుస్తున్నారు. అదెవరి దగ్గరుందండీ?"

"గోదాట్లో ఉందమ్మా."

"దాన్ని తీసెయ్యమంటారా అండీ?"

"వద్దులే," అంది సత్యవేణి. ఎందుకలా అందో ఆమెకే తెలియలేదు.

రాజోలు, అమలాపురం తిరగడానికి ఎనభై సరిపోయేది. ఎదురింటి క్రిస్టీనా వచ్చాకే చిక్కు వచ్చింది. కువైట్‌లో పని దొరికింది, వీసా గడువు రేపే ఆఖరు, విమానం విశాఖలో ఎక్కాలి. ఎనభైతో అనకాపల్లి చేరడమే అనుమానం. దారిలో ఛార్జింగు కోసం ఆగితే విమానం అందకపోవచ్చు.

"ఇది తప్పిపోతే నన్నింక పిలవరక్కా," అంది క్రిస్టీనా.

ఆ సాయంత్రం సత్యవేణి తీగ తగిలించి, గీతని వందకి జరిపింది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, ఖాళీ కారు పక్కన నిలబడి మెల్లగా అంది:

"పిల్ల బతుకుతెరువండీ. రేపొక్కరోజు నిండనివ్వండి. దూరమే వెళ్తున్నాను."

తెల్లారి చూస్తే వంద.

ఇన్నాళ్లూ బండి ఎనభై దగ్గర ఆగినా ఆమెకి భయం వెయ్యలేదు. యంత్రం మొండితనమని సరిపెట్టుకుంది. ఇప్పుడా వందని చూస్తుంటే చేతుల మీద రోమాలు లేచాయి. అడిగితే విన్నాడు.

క్రిస్టీనా పెట్టె సర్దుకుని ముందు తలుపు తియ్యబోయింది.

"అక్కడ కాదమ్మా. వెనక కూర్చో."

"ఎందుకక్కా, ముందు ఖాళీయే కదా?"

సత్యవేణి పక్క సీటు బెల్టు లాగి, నెమ్మదిగా బిగించి, కారు తీసింది.