మోపు ఎత్తకముందు

నా పెళ్లయిన ఆరేళ్లకు మా మరిది భార్య కాపురానికి వచ్చింది. చందూరు దగ్గర మాకు చెరకు ఉండేది. కొట్టిన చెరకును మోపులు కట్టి, లారీకి ఆనించిన పొడుగు చెక్క మీదుగా పైకి చేర్చి, బోధన్ చక్కెర ఫ్యాక్టరీకి పంపేవాళ్లం. అప్పటిదాకా మా ఇంటి ఆడవాళ్లలో మోపు నెత్తిన పెట్టుకుని ఆ చెక్క ఎక్కగలిగింది నేనొక్కదాన్నే. ఊళ్లో నలుగురూ ఆ మాట అంటుంటే నాకు ఇష్టంగా ఉండేది.

ఆ పిల్ల వచ్చిన మొదటి కోతలోనే ఆ గొప్ప పోయింది. నాకంటే బలమైనదేమీ కాదు. మోపు ముందు నిలబడి, చెక్కను కింది నుంచి పైదాకా ఒకసారి చూసి, "గిది ఎక్కిస్త. గది ఇద్దరం పట్టాలె. సద్ది తినే యాల్లకు సగం లారీ నిండుతది" అనేది. అట్లాగే అయ్యేది. మా మామ నన్ను అడగడం మానేసి, "చిన్నదాన్ని అడుగుండ్రి" అనసాగాడు. ఆ మాట వినపడినప్పుడల్లా నాకు కడుపు మండేది. ఆమె వండిన కూరలో ఉప్పెక్కువైందని ఊరికే అనేదాన్ని.

ఒక పొద్దున మంచుకు చెక్క తడిసి ఉంది. నేను అన్నిటికంటే పెద్ద మోపు దగ్గరికి పోయాను.

"అక్కా, గది నీతోని కాదు. రెండు మోపులు చేద్దాం" అంది.

"నీతోని కాకుంటే నాతోని గూడ కాదా?" అని నెత్తికెత్తించుకున్నాను. నాలుగడుగులు బాగానే పడ్డాయి. ఐదో అడుగుకు కాలు జారింది. కుడి మణికట్టు విరిగింది.

నెలకు పైగా నా జడ ఆమే వేసింది. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "ఏ మోపు ఎక్కుతదో, ఏది ఎక్కదో నీకెట్ల తెలుస్తదే?"

"ఏం లేదక్కా. ముందుగాల మనసుల ఒకపారి ఎక్కి దిగుత. ఆడ ఆలిస్యమైతే ఈడ గూడ ఆలిస్యమే. ఆడ కాలు వణికితే ఎత్తనే ఎత్త."

చెయ్యి బాగయ్యాక నేనూ అట్లా చేసి చూశాను. మనసులో ప్రతిసారీ గబగబా ఎక్కేసేదాన్ని. ఆ మనసులోనే నా వెనకాల ఆమె కూడా ఎక్కుతుండేది మరి. ఆమెకంటే ముందుండాలన్న ఆత్రంలో నెత్తి మీది బరువు నాకు గుర్తే వచ్చేది కాదు.

మరుసటి ఏడు కోత మొదలైనప్పుడు, "దాన్నే అడుగు మామా" అని నేనే అన్నాను. కానీ ఆమె చెక్కను చూస్తున్నంతసేపూ, ఈసారన్నా తప్పు చెప్పాలని కోరుకున్నాను. ఆమె తప్పు చెప్పలేదు.