లావు తీగ మోగినప్పుడు

అన్న పోయిన నెలకు వదిన ఆ చెక్కను పాత కంబళిలో చుట్టి అటక మీద పెట్టింది. ముప్పై ఏళ్ళకు పైగా అది అక్కడే ఉంది. నిరుడు మామిడికాయల కాలంలో తనే దించి మా ఇంటికి తెచ్చింది. బంగారు గని కార్మికుల ఇళ్ళ లైన్లో మావి పక్కపక్క ఇళ్ళు.

"దీన్ని ముగించప్పా. ఆయన చేసింది ఎట్ల పలుకుతాదో ఒక్కతూరి ఇనల్ల," అంది.

అది ఇంకా మెడ బిగించని బేస్ గిటార్, లావు తీగలతో మంద్రంగా మోగేది. అన్న గని లోపల కప్పు కూలకుండా మొద్దులు నిలబెట్టే పని చేసేవాడు. పెళ్ళిళ్ళకూ క్రిస్మస్ డాన్సులకూ బ్యాండులో అద్దె బేస్ వాయించేవాడు. సొంతానికి ఒకటి ఉండాలని ఆవని ఊరి దగ్గర ఒక తోటలో పనస పలక కొని, ఆకారం కోసి, ఒక పక్క నున్నగా తోమాడు. రెండో పక్క మొదలుపెట్టేలోపే గని లోపల రాక్ బర్స్ట్ అయింది. ఒత్తిడికి రాయి పేలిపోవడాన్ని మేము అట్లా అంటాం. ఆ షిఫ్టులో అన్న ఉన్నాడు.

నేను గని సర్వే ఆఫీసులో గుమాస్తాగా రిటైరయ్యాను. సంగీతం తెలియదు గాని కొలతలు తెలుసు. టేకుతో మెడ చేశాను. తీగ పొడవు ముప్పై నాలుగు అంగుళాలు పెట్టుకుని, దాన్ని సుమారు పద్దెనిమిది పాళ్ళు చేసి ఒక పాలు దగ్గర మొదటి మెట్టు, మిగిలినదాన్ని మళ్ళీ అట్లాగే చేసి రెండోది, ఇట్లా ఇరవై మెట్లు. ప్రతి లెక్కా డైరీలో రాసి రెండుసార్లు సరిచూశాను. తీగల కింద శబ్దాన్ని పట్టే అయస్కాంతాలకు చుట్టాల్సిన వెంట్రుక లాంటి రాగి తీగను మా ఆవిడ కుట్టుమిషన్ చక్రంతో చుట్టాను. మూడుసార్లు తెగింది.

చెక్క తోమే ఉప్పుకాగితం రెండో పక్కకే వాడాను. అన్న తోమిన పక్కను తాకలేదు. అయితే లక్క పాలిష్ పూయగానే ఆ పక్క ఒకచోట నల్లగా తేలింది. తోమేటప్పుడు అన్న ఎడమ అరచేయి ఆనించి చెమట ఇంకిన చోటు. నా చేయి పెట్టి చూశాను, సరిపోయింది. వదినకు చెప్పలేదు.

ఒక ఆదివారం సాయంత్రం నాలుగింటికి, అరువు తెచ్చిన యాంప్లిఫయర్‌కు తగిలించి, వదినను స్టూలు మీద కూర్చోబెట్టి, అన్నిటికంటే లావు తీగను మీటాను. శబ్దం చెవికంటే ముందు అరికాళ్ళకు తెలిసింది. అలమారలో పళ్ళేలు గలగలలాడాయి. వదిన లేచి బయటికి వెళ్ళిపోయింది.

వెనకే వెళ్ళాను. లైన్లో ఉన్న ముసలివాళ్ళందరూ అప్పటికే బయట నిలబడి ఉన్నారు. అందరి ముఖాలూ గనిలోకి దిగే షాఫ్టు వైపే. నేల అదిరితే బయటికి రావడం, షాఫ్టు వైపు చూస్తూ ప్రమాదం సైరన్ కోసం కాచుకోవడం ఇక్కడి అలవాటు. గనులు మూసి ఇరవై ఏళ్ళు దాటింది. షాఫ్టులో ఇప్పుడు ఉన్నది నీళ్ళే.

పక్కింటి ముసలమ్మ నన్ను మెల్లగా అడిగింది. "ఏ షాఫ్టప్పా?"

అది నా పనేనని చెప్పాను. ఒకప్పుడు షాఫ్టులో కార్మికుల పంజరం దించే మిషన్ నడిపిన పెద్దాయన ముందుగా నవ్వాడు. "షాఫ్టు మూసినా నువ్వు మమ్మల్ని ఇడిచేట్టు లేవే. ఇంగమీద ముందు సైరన్ ఊది వాయించు సామీ," అన్నాడు. అందరూ నవ్వి లోపలికి వెళ్ళారు. తలుపులు మాత్రం ఎవరూ మూయలేదు.

వదిన నవ్వలేదు. వచ్చి మళ్ళీ స్టూలు మీద కూర్చుంది.

"ఆ పొద్దు గూడా ఇదే సద్దు వచ్చింది, కాళ్ళ కిందనుంచి. దీని మింద ఆయనకి అంత మోజెందుకప్పా?"

ఎందుకో నాకు తెలుసు. అన్న ఒకసారి చెప్పాడు, ఆ రోజే రాసుకున్నాను. లోపల రాయి ఎప్పుడూ సన్నగా మూలుగుతూ ఉంటుందట. మూలుగు వినిపించినంతసేపూ భయం లేదు, ఆగితేనే పరుగెత్తాలి అన్నాడు. నేల మీద అంత మంద్ర శబ్దం బేస్‌లో తప్ప దొరకదన్నాడు. ఇన్నేళ్ళూ ఆమెకు చెప్పలేదు. ప్రమాదం రోజు మూలుగు ఆగినప్పుడు, మళ్ళీ వినిపిస్తుందేమోనని అన్న అక్కడే నిలబడిపోయాడేమో అన్న ఆలోచన నన్ను వదలలేదు. చెబితే ఆమెనూ పట్టుకుంటుంది.

ఆ సాయంత్రం మొత్తం చెప్పేశాను, నా అనుమానం తప్ప.

వదిన స్టూలు దగ్గరికి జరుపుకుంది. "ఆగితే భయమన్నాడా?"

"అవును వదినా."

"అట్లయితే ఆపద్దు. వాయిస్తానే ఉండు."

మీటాను. ఆమె రెండుసార్లు లేచింది, గడప దాకా వెళ్ళి తిరిగి వచ్చి కూర్చుంది. మూడోసారి లేవలేదు. ఒక మోత అణిగేలోపు ఇంకోటి మీటుతూ పోయాను. నాకు పాట రాదు, ఆ ఒక్క తీగే. వేళ్ళ చివర్లు బొబ్బలెక్కాయి. ఆమె కళ్ళు మూసుకుని ఉంది. ఎప్పుడు ఆపాలో ఆమె చెప్పలేదు. చెయ్యి తీసి ఆ మోతను ఆగనివ్వడానికి నాకు ధైర్యం చాలలేదు.