బస్సులోనే ఖర్చైపోయిన గొంతు

మనకు నోరిచ్చి, ఆ నోట పలకడానికి తన నామాన్నీ ఇచ్చిన శ్రీరామచంద్రుడికి ముందుగా వేయి నమస్కారాలు. ఆ రోజుల్లో మా పావగడ వైపు మేఘాలు చుట్టపుచూపుగా కూడా వచ్చేవి కావు. వేరుశనగ విత్తి ఆకాశం వంక చూడడమే సేద్యం. (మెడనొప్పి మాత్రం బాగా పండేది.) వాన కోసం ఊరూరా అఖండ భజన పెట్టేవారు. ఒక పొద్దుటి నుంచి మరుసటి పొద్దుటి దాకా రామనామం క్షణమైనా ఆగకూడదు. ఒకరి గొంతు అలిసేలోగా ఇంకొకరు తాళాలు అందుకోవాలి. మధ్యలో తెగితే మళ్లీ మొదటికే.

నేనప్పుడు పావగడలో కాయలు ఒలిచే మిల్లులో కొత్త గుమాస్తాను. మా ఊరు మంగళవాడ భజనలో దీపాలవేళ వంతు నాది. నాకు ముందు వంతు మామది, పొద్దున్నే హెచ్చరించాడు. "అల్లుడా, పొద్దు మునిగేలోపల రావల్ల. కూలికి పోయినోళ్లు చీకటైనాకగాని రారు. నా గొంతు అంతదంకా నిలబడేదే కష్టం." పురాణ కాలక్షేపాల్లో పెరిగినవాడినని నాకు కాస్త గర్వం. నేను లేకపోతే నామం ఏమైపోతుందోనని నిజంగానే బెంగ.

సాయంత్రం ఇంటికి వచ్చే బస్సు సగం దారిలో పంక్చరై నిలిచిపోయింది. డ్రైవరు జాకీ వేస్తుండగానే పొద్దు కొండ వెనక్కి జారింది. ఊళ్లో తెగినా కనీసం ఇక్కడైనా నామం ఉండాలని, కిటికీ పక్క సీట్లో కూర్చునే మొదలుపెట్టాను. ఒళ్లో కోడిబుట్ట పెట్టుకున్న పక్క సీటు అవ్వ నా నుదురు తాకి చూసింది.

"ఏందప్పా, జొరమా?"

పాడుతూనే సంగతంతా చెప్పాను. (మామ, వాన, పంక్చరు, అన్నీ రాగంలోనే.)

"అట్లయితే ఇదీ తెగకూడదు గదప్పా," అంది అవ్వ తీరిగ్గా. "మొదులుపెట్టినావు, ఇంగ యాడ ఆపుతావు?"

అది నాకు తోచనేలేదు. బస్సు కదిలాక ఇంజను మోతను మించి పాడాల్సి వచ్చింది. ఒక్కొక్కరే గొంతు కలిపారు. కండక్టరన్న కూడా టికెట్లు రాగం తీసే అడిగాడు.

ఊళ్లో దిగి పందిట్లోకి పరుగెత్తాను. మామ పెదవులు కదులుతున్నాయి గాని మాట వినబడడం లేదు. నన్ను చూసి కళ్లనీళ్లు పెట్టుకుని తాళాలు నా చేతిలో పెట్టాడు. నోరు తెరిచాను. కొలిమితిత్తిలోంచి వచ్చినట్టు గాలి తప్ప ఏమీ రాలేదు. మామ నా ముఖం చూశాడు, నేను మామ ముఖం చూశాను.

అప్పుడే వెనక నుంచి నామం వినిపించింది. బస్సు జనమంతా పాడుకుంటూ వస్తున్నారు. ముందు అవ్వ, ఆమె చంకలో కోడిబుట్ట.

"ఆపమని చెప్పకుండానే దిగిపోతివి గదప్పా," అంది. "ఎవురికి అప్పజెప్పల్ల మేము?"

తాళాలు ఆమెకే ఇచ్చాను. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టి చూసి, చివరికి తనూ వచ్చి చెప్పులు విప్పి కూర్చున్నాడు. కూలివాళ్లు తిరిగొచ్చి నామం అందుకున్నాకగాని ఆ బస్సు కదల్లేదు.

వాన ఆ రాత్రి రాలేదు. చాలా రోజులకు వచ్చింది, అదీ దుమ్ము అణిగేంత. అయినా రామనామం తన గొంతు పట్టుకునే వేలాడుతోందనుకున్న ఆ గుమాస్తాను తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది. ఈ వయసులో నాకు ఊరికే ఆయాసం వస్తోంది. మీరొక్కసారి నామం అందుకోండి, నేను ఊపిరి తీసుకుంటాను.