ఒకటిన్నర వేగం బావ

మా అక్క మొగుడు నవ్వడం నేను ఇరవయ్యేళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదు. అలాంటి మనిషికి నవ్వించే సీరియళ్ళు చూసి మంచిచెడ్డలు చెప్పే ఉద్యోగం ఇచ్చారు. గాడిదకేం తెలుసు గంధప్పొడి వాసన అన్న పెద్దమనిషెవరో మా డబ్బింగ్ కంపెనీలో కొన్నాళ్ళు పనిచేసే ఉంటాడు.

మా కంపెనీకి జపాన్ నుంచి యానిమేలు, అంటే వాళ్ళ బొమ్మల సీరియళ్ళు, వస్తుంటాయి. వాటిని కొని మన భాషలోకి దించాలా వద్దా అన్నది బావ రాసే ఒక్క కాగితం మీద ఆధారపడి ఉంటుంది. కాగితం మధ్యలో స్కేలు పెట్టి గీత గీస్తాడు. ఎడమ పక్క బలాలు, కుడి పక్క బలహీనతలు. అందుకే ఆఫీసులో ఆయన పేరు రెండు గళ్ళాయన. ఇంట్లోనూ అదే వరస. అక్క కూర వండితే ‘వేడిగా ఉంది’ అన్నది ఎడమ పక్క, మిగతాదంతా కుడి పక్క. ఈ ఉద్యోగానికి ముందు పరీక్ష పేపర్లు దిద్దేవాడు. పేపరుకి మూడు నిమిషాలు మించితే టైము దండగ అనేవాడు. ఎంతమంది పిల్లల కొంపలు ముంచాడో ఆ పైవాడికే తెలియాలి.

నేను అదే కంపెనీలో గొంతు ఇస్తాను. పదహారేళ్ళుగా పసిపిల్లల ఏడుపులు, వెనక బెంచీ గోల, ‘టీచర్, టీచర్’ అనే కేకలు, ఒకసారి మేకపిల్ల. నాకంటూ ఒక పేరున్న పాత్ర ఒక్కటీ రాలేదు. అందుకే ఈసారి వచ్చిన స్కూలు కామెడీ చూశాక నాకు రెండు రోజులు అన్నం సహించలేదు.

అందులో ఒక బడి. బడిలో పోయిన వస్తువులు దాచే గది. ఆ గదిని చూసుకునే నలుగురు పిల్లల క్లబ్బు. ఒంటి చేతి తొడుగు, మూత లేని టిఫిన్ డబ్బా, ఎవరిదో కట్టుడు పన్ను. ఇవి ఎవరివో కనుక్కుని తిరిగిచ్చేయడమే కథ, అంతకు మించి ఏమీ జరగదు. క్లబ్బు లీడర్ ఒక బక్కపిల్ల. ఎదుటివాణ్ణి చూస్తుంది. చూస్తూనే ఉంటుంది. మనకే ఇబ్బంది పుట్టేదాకా చూసి, అప్పుడు ఒక్క ముక్క అంటుంది. అంతే, మనకి పొట్ట చెక్కలు. ఆ పిల్లకి గొంతు నేనే ఇవ్వాలి అనుకున్నాను. బావ కాగితం సోమవారం మేనేజర్‌కి వెళ్తుంది.

ఆదివారం పొద్దున్న అక్క ఇంటికి వెళ్తే ఆ కాగితం భోజనాల బల్ల మీద, నీళ్ళ జగ్గు కింద ఉంది. సిగ్గుపడకుండా చదివాను. ఎడమ పక్క: ‘రంగులు బాగున్నాయి.’ కుడి పక్క: ‘పిల్లలు గడగడా వాగుతారు. లీడర్ పిల్లకి నోరు ఆగదు. హాస్యానికి ఊపిరి తీసుకునే చోటు లేదు.’

నోరు ఆగదా? పన్నెండు ఎపిసోడ్లలో ఆ పిల్ల ఆడిన మాటలు నా వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టొచ్చు. కాగితం పట్టుకుని గదిలోకి వెళ్ళాను. బావ హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఇంకేదో సిరీస్ చూస్తున్నాడు. తెర మీద మనుషులు నిప్పు తొక్కినట్టు గెంతుతున్నారు.

“బావా, ఆ స్కూలు సిరీస్ కూడా ఇలాగే తరుముతూ చూశావా?”

“అన్నీ ఒకటిన్నర వేగంలోనే చూస్తాను. ఏడేళ్ళుగా అంతే. కథేం మారదుగా.”

“కథ మారదు, నవ్వు చస్తుంది! ఆ పిల్ల ఆగే ఆగడం నువ్వే కోసేసి, ఊపిరికి చోటు లేదని రాస్తావా?”

“అన్నిటికీ అదే వేగం. ఎవరికీ అన్యాయం చెయ్యలేదు.”

తన కళ్ళద్దాలకి తనే మసి పూసుకుని లోకం చీకటిగా ఉందనే రకం. ఏడేళ్ళలో ఎన్ని మంచి సిరీస్‌లు వెనక్కి పంపాడో!

“నా మాటలూ ఆ వేగంలోనే వింటారు,” అంది అక్క వంటింట్లోంచి.

“ఒక్క ఎపిసోడ్ మామూలుగా చూడు. తర్వాత ఉన్నది ఉన్నట్టు రాయి, చాలు,” అన్నాను.

కట్టుడు పన్ను ఎపిసోడ్ పెట్టాను. లీడర్ పిల్ల హెడ్‌మాస్టర్ ముందు నిలబడింది. చూస్తోంది. ఆయన నోరు బిగించాడు. ఇంకా చూస్తోంది. బావ చెయ్యి బటన్ మీదికి పాకింది. ఆ చేతి మీద ఒక్కటిచ్చాను. చివరికి పిల్ల “మీదే” అంది. బావలోంచి తుమ్ములాంటి చప్పుడొకటి వచ్చింది. అది నవ్వు అని అర్థం కావడానికి నాకు కొంచెం టైము పట్టింది. అక్క గరిటెతో పరిగెత్తుకొచ్చింది, ఆయనకేమైందోనని.

ఆ రోజు బావ భోజనానికి కూడా లేవకుండా పన్నెండూ మళ్ళీ చూశాడు. నేను చంకలు గుద్దుకుంటూ ఇంటికెళ్ళాను.

సిరీస్ కొన్నారు. మేనేజర్ కాగితం చూపించాడు. ఎడమ పక్క: ‘దీని బలం మౌనం. ఎవర్నీ వెక్కిరించకుండా నవ్విస్తుంది.’ కుడి పక్క: ‘టీచరు నిద్రపోయే జోకు తొమ్మిదిసార్లు. సముద్రపు ఒడ్డు విహారం శుద్ధ దండగ. చివరి రెండు ఎపిసోడ్లలో బలవంతపు ఏడుపు.’ నిజాలే. నేనైనా అవే రాసేదాన్ని. అడుగున ఇంకో మాట ఉంది: ‘లీడర్‌కి కొత్త అమ్మాయిని వెతకాలి. మన దగ్గర పిల్లల గొంతు చేసేవారికి ఆగడం రాదు. ప్రతి మాటా ముద్దు చేస్తారు.’

మా కంపెనీలో పిల్లల గొంతు చేసేది నేనొక్కదాన్నే. కొరివితో తల గోక్కున్నాను.

తిన్నగా అక్క ఇంటికెళ్ళి విరుచుకుపడ్డాను. “నేనని తెలిసే రాశావా?”

“తెలిసే రాశాను. ఉన్నది రాయమన్నావు.”

“నాకు ఆగడం రాదా?”

బావ కుర్చీ నాకేసి తిప్పుకున్నాడు. “సరే. ఏమీ అనకు. నన్ను చూస్తూ ఊరుకో. చాలు అని నేను చెప్తాను.”

చూశాను. అక్క గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆ మొహం ఎంత చప్పిడి మొహమో, దాన్ని ఎంతసేపైనా చూడొచ్చు, ఏముంది. పెదాలు దురద పెట్టాయి. ఏదో ఒకటి అనకపోతే గొంతు పగిలిపోయేలా ఉంది.

“ఎంతసేపు బావా?” అన్నాను.

అది నాలుగేళ్ళ పిల్ల గొంతుతో వచ్చింది, ముద్దుగా, సాగదీస్తూ. అక్క గబుక్కున వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళలో బావ మీద ఎన్నడూ పుట్టనంత రోత నా గొంతు మీద నాకు పుట్టింది.