బండ మీద గీసిన ఎనిమిది

నేను ఎనిమిదో తరగతితో బడి మానేశాను. ఆ తర్వాత నేర్చిన లెక్కలన్నీ పాత పుస్తకాలు కొనుక్కుని ఒంటరిగా నేర్చినవే. తిరుత్తణికీ తిరువాలంగాడుకూ నడుమ ఒక రాతి క్వారీలో కొలతలు చూసే పని చేసేవాణ్ణి. అడుగు లేని చెక్కపెట్టెను నేల మీద పెట్టించి, కొట్టిన జల్లిని, అంటే కంకరను, అందులో పోయించి, అంచుకు సమంగా వచ్చిందో లేదో చూసి పెట్టె ఎత్తించాలి. పన్నెండేళ్లలో నా కొలత తప్పని ఎవరూ అనలేదు.

క్వారీ పక్కన రాళ్లు కొట్టేవాళ్ల గుడిసెలు నలభై ఒకటి. ఇళ్లలో అందరిదీ తెలుగే. దగ్గరి బడి నాలుగు మైళ్ల దూరం, అక్కడ చెప్పేది అరవంలో. మొదటి ఏడాది పోయిన పిల్లలు రెండో ఏడాది పోయేవారు కాదు. సమ్మెట ఎత్తలేని వయసు పిల్లలకు చిన్న సుత్తి ఉండేది. పెద్దరాళ్లు పెద్దలు పగలగొడితే, వాటిని జల్లి చేసేది పిల్లలే. ఆ జల్లిని కొలిచేది నేను.

డెబ్బైల నడుమ ఒక ఎండాకాలంలో ఇంగ్లండు నుంచి ఐదుగురు కుర్రకారు వచ్చారు. ముగ్గురు మగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలు, ఎవరికీ ఇరవై దాటలేదు. మద్రాసులో ఒక సంఘం వాళ్లను నాలుగు వారాలు పాఠాలు చెప్పడానికి పంపింది. నాకు కొంచెం ఇంగ్లీషు వచ్చని, వాళ్ల మాటలు పిల్లలకు చెప్పే పని నాకు పెట్టారు. పొద్దున పదకొండు దాకా అక్కడ, ఆ తర్వాత పెట్టె దగ్గర.

మొదటిరోజే ఒక ముసలామె నన్ను నిలదీసింది. ఆమె మనవరాలికి పదేళ్లు. తల్లి లేని పిల్ల.

"ఏమబ్బా, వీళ్ల ఊర్లో పిలకాయలు లేరా? చెప్పేదానికి ఇంత దూరం వచ్చినారే!"

"ఉన్నార్లే అవ్వా. మన పిలకాయల మింద ప్రేమ."

"ప్రేమ సరే. నెల తిరిగినాక ఎవురు చెప్పేది?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉంది. రేకుల షెడ్డు వేసి, ముప్పై మంది పిల్లలు కుదురుగా కూర్చుని చదువుతున్నట్టు చూపిస్తే, ఒక్క ఐవారితో నడిచే తెలుగు బడి మంజూరు చేస్తామని తిరువళ్లూరు ఆఫీసులో అన్నారు. షెడ్డు పడింది. ఈ ఐదుగురి కోసం ముప్పై నలుగురు పిల్లలు వస్తున్నారు. వీళ్లు ఉన్న నాలుగు వారాల్లో అధికారి వచ్చి తలలు లెక్కపెట్టుకుంటే చాలు. ఆమెకు అదే చెప్పాను. ఆమె మనవరాలి సుత్తి తీసి చూరులో దోపింది.

ఐదుగురిలో పొడుగాటి కుర్రవాడు లెక్కలు చెప్పేవాడు. రెండోవారంలో షెడ్డు వెనకున్న పెద్ద బండ మీద తెల్లరంగుతో పొడవాటి గీత గీసి, అడుగుకొక అంకె వేశాడు. మొదట సున్న, తర్వాత ఒకటి, రెండు, ఇరవై దాకా. పిల్లలు సున్న మీద నిలబడి గెంతాలి. నిలబడ్డ చోటు లెక్కలోకి రాదు, మొదటి గెంతు ఒకటి. నేను బండ అంచున కూర్చుని చూస్తూ ఉండిపోయాను. లెక్క సున్న దగ్గర మొదలవుతుందని నాకు నా పుస్తకాలేవీ అంత తేటగా చెప్పలేదు.

ముసలామె మనవరాలు సున్న మీద నిలబడి నన్ను అడిగింది: "నిల్చున్న కాడ లెక్కలేదాన్నా?"

"లేదు."

"నేను ఈడ ఉండాను గదా మరి?"

పిల్లలు నవ్వారు, నేనూ నవ్వాను. ఆ పిల్ల ఎనిమిది గెంతులు గెంతి, ఎనిమిది అంకె మీద రెండు కాళ్లూ ఆనించి నిలబడింది. పొడుగాటి కుర్రవాడు ఫోటో తీశాడు.

మూడోవారం బేస్తవారం నేను రైలెక్కి తిరువళ్లూరు పోయాను. అధికారి ఎప్పుడొచ్చేదీ ముందుగా చెప్పరు. ఆఫీసులో మనవైపు గుమాస్తా ఒకాయన టీ బంకు దగ్గరికి తీసుకుపోయి, అటూ ఇటూ చూసి చెప్పాడు.

"తేదీ అడగద్దు, కాయితం అడగద్దు. ఇయ్యాటికి ఎట్టాం నాళు వస్తాడు. ఎనిమిదోనాడు. తెలిసిందా? నా పేరు యాడా ఎత్తద్దు."

ఆయనకు దండం పెట్టి వచ్చాను. రైల్లో కిటికీ పక్కన కూర్చుని లెక్కవేశాను. నా కళ్ల ముందు బండ మీది గీతే ఉంది. ఇవాళ బేస్తవారం, నిలబడ్డ చోటు, సున్న. రేపు శుక్రవారం ఒకటి. అట్లా గెంతుకుంటూ పోతే ఎనిమిది పడింది వచ్చే వారం శుక్రవారం మీద. ఐదుగురూ ఊరు వదిలేదీ ఆ సాయంత్రమే.

చివరి బేస్తవారం పిల్లలందర్నీ తిరుత్తణి కొండకు తీసుకుపోతామని, మెట్లన్నీ లెక్కపెట్టిస్తామని ఆ ఐదుగురూ అడిగారు. శుక్రవారం అధికారి వస్తాడు గనుక బేస్తవారం ఖాళీయే అన్నాను. ముసలామె వేళ్ల కణుపులు లెక్కపెట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఎనిమిదోనాడంటే బేస్తవారమే గదబ్బా?"

"కాదవ్వా. చెప్పిన దినాన్ని లెక్కలో కలపకూడదు."

"ఎందుకు కలపకూడదు? పురుడు పదకొండోనాడంటే బిడ్డ పుట్టిన దినం కలపరా? సావుకు మూడోనాడంటే సచ్చిన దినం కలపరా?"

నేను ఆమెను బండ దగ్గరికి తీసుకుపోయి గీత చూపించి గెంతు గెంతుకూ వివరించాను. ఆమె గీతను చూడలేదు, నన్నే చూసింది. "సదువుకున్నోడివి. నీకు తెలీదా" అని పోయింది.

లారీలో కొండకు పోయాం. ముసలామె మనవరాలు కింద నేల మీద నిలబడి "సున్న" అని గట్టిగా అరిచి ఎక్కడం మొదలుపెట్టింది. మిగతావాళ్లు నూటిరవై దగ్గర, రెండువందల దగ్గర తప్పారు. ఈ పిల్ల తప్పలేదు. పైకి చేరి మూడువందల అరవైఐదు అంది. ఏడాదిలో రోజుకో మెట్టు అని అందరూ చెప్పుకునే లెక్కకు సరిగ్గా సరిపోయింది. పొడుగాటి కుర్రవాడు ఆ పిల్లను భుజాల మీద ఎత్తుకుని తిప్పాడు.

తర్వాత నీడన గుండ్రంగా కూర్చున్నాం. ఈ నాలుగు వారాలు తమకేమిచ్చాయో ఒక్కొక్కరూ చెప్పాలని వాళ్ల నియమం. గడియారం చూశాను, పదకొండు దాటింది. మొదట ఒక ఆడపిల్ల లేచి, ఈ పిల్లలను చూశాకే సంతోషమంటే ఏమిటో తెలిసిందని కళ్లు తుడుచుకుంది.

"మీరు సంతోషంగా ఉన్నారంట" అని పిల్లలకు చెప్పాను.

"ఎవురన్నారు?" అన్నాడొకడు.

పొడుగాటి కుర్రవాడు లేచాడు. ఇవ్వడానికి వచ్చాననీ, తీసుకుని పోతున్నాననీ అన్నాడు. అదీ చెప్పాను.

"ఏం తీసుకున్నాడన్నా మన కాడ?"

"రేయ్, నీ గోచీ ఉందో లేదో సూసుకో!"

పిల్లలు దొర్లి దొర్లి నవ్వారు. దేనికి నవ్వుతున్నారో తెలియకపోయినా ఆ ఐదుగురూ నవ్వారు. నేను నా మాట కూడా చెప్పాలన్నారు. ఈ నెలలో నేను సున్న నేర్చుకున్నానని చెప్పాను. చప్పట్లు కొట్టారు.

పొద్దుగూకేటప్పటికి దిగి వచ్చాం. ముసలామె షెడ్డు ముందర కూర్చుని ఉంది.

"కారులో ఎవురో వచ్చినారబ్బా. కన్నద్దాలాయన. మందు పేల్చకముందర. 'పిలకాయలు యాడ' అన్నాడు. కొండకు పొయినారంటిని. షెడ్డులోకి తొంగి సూసి, ఏందో రాసుకొని పొయినాడు."

"ఇంకెవరో అయ్యుంటాడవ్వా" అన్నాను.

మర్నాడు ముప్పై నలుగురినీ తలలు దువ్వించి షెడ్డులో కూర్చోబెట్టాను. గంటగంటకూ లెక్కపెట్టాను. తొమ్మిదికి ముప్పై నాలుగు. పన్నెండుకూ ముప్పై నాలుగే. నీళ్లకు కూడా ఎవరూ లేవలేదు. సాయంత్రం ఐదుగురూ పిల్లల్ని కావలించుకుని, ఏడ్చి, వ్యానెక్కి వెళ్లారు. జరిగింది వాళ్లకు చెప్పలేదు. చెప్పాలంటే ముందు నేను ఒప్పుకోవాలి. చీకటి పడ్డాక పిల్లల్ని ఇళ్లకు పంపాను.

సోమవారం తిరువళ్లూరు పోయాను. గుమాస్తా నా మొహం ముందే వేళ్లు మడిచాడు. "బేస్తవారం ఒకటి, శుక్రవారం రెండు..." ఎనిమిదో వేలు బేస్తవారం మీద పడింది. "ఏందయ్యా, లెక్కలోడివని గదా నీకు చెప్పింది? పిల్లలు ఎవరూ లేరని రాసేసినాడు. ఇంగ ఆ ఫైలు లేవదు."

మళ్లీ అర్జీ పెట్టాను. మూడేళ్లలో ఆరుసార్లు పెట్టాను. నేను ఆఫీసు నుంచి తిరిగొచ్చిన ఆ సోమవారమే ఇరవై మంది పిల్లలు జల్లి దగ్గర ఉన్నారు. వారం తిరిగేసరికి అందరూ అక్కడే. ముసలామె చూరులోంచి సుత్తి తీసి మనవరాలికి ఇచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఏడాది తర్వాత ఇంగ్లండు నుంచి పార్సెల్ వచ్చింది. ఆ ఐదుగురూ తమ అనుభవాలు రాసి టైపు కొట్టించి కుట్టించిన పుస్తకం, ఇరవై ఆరు పేజీలు. నిఘంటువు పక్కన పెట్టుకుని నాలుగు సాయంత్రాలు చదివాను. అందరూ మంచి మనసుతో రాశారు. కొండ మీద గడిపిన పొద్దు గురించి ఐదుగురూ రాశారు. కొండ కింద ఒక బడిని వదిలి వచ్చామని పొడుగాటి కుర్రవాడు రాశాడు. నిజం రాసి పంపాలని రెండుసార్లు కాగితం తీశాను. రాయలేదు. ఆ అబద్ధంలో అతని తప్పేమీ లేదు.

పుస్తకం చివర ఒకే ఫోటో ఉంది. బండ మీద ఎనిమిదిపై ఆ పిల్ల. చూపిద్దామని తీసుకుపోయాను. ఆ వారమే ఆ బండకు మందు పెట్టారు. తెల్లరంగు అంటిన ముక్కలు క్వారీ అంతా పడి ఉన్నాయి. ఆ పిల్ల ఫోటోను దూరం పెట్టి చూసి, "జుట్టు సూడు ఎట్లుండాదో" అని నవ్వింది. తలకాయంత రాయొకటి తన పక్కన విడిగా పెట్టుకుని ఉంది. దాని మీద ఎనిమిది చెదరకుండా ఉంది.

"దాచిపెట్టినానన్నా" అంది.

సాయంత్రం ఆ పిల్ల కొట్టిన జల్లిని పెట్టెలో పోయించాను. అంచుకు రెండు వేళ్లు తగ్గింది. వెనక మేస్త్రి నిలబడి చూస్తున్నాడు. తగ్గిందన్నాను. ఆ పిల్ల ఆ రాయిని ముందుకు లాక్కుని, సుత్తితో కొట్టి, చిప్పలన్నీ గంపతో ఎత్తి పెట్టెలో పోసింది.

"సూడన్నా, సరిపొయిందా?"

వంగి చూశాను. అంచుకు సమంగా ఉంది. పెట్టె ఎత్తమన్నాను.