బూదికోట రోడ్డు మీద 270 వాట్లు

సైన్యం నన్ను నా సొంత ఊరికే డ్యూటీ మీద పంపింది. బంగారుపేట స్టేషన్లో నలుగురం దిగాం: కోచ్‌గా ఒక సుబేదారు, ఒక రైడరు, జీపు డ్రైవరు, సైకిల్ మెకానిక్‌గా నేను. వెంట మూడు సైకిళ్ళు, నాలుగు పెట్టెల సామాను, రెండు వైర్‌లెస్ సెట్లు. ఏప్రిల్ నెల. ప్లాట్‌ఫారం దాటకముందే చొక్కా తడిసిపోయింది. "అదృష్టమంటే నీదేరా, ఇంటి పక్కనే పోస్టింగు" అని యూనిట్లో అందరూ ఆటపట్టించి పంపారు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మా తాత చిత్తూరు వైపు నుంచి వచ్చి కేజీఎఫ్ బంగారు గనిలో దిగినవాడు. ఇప్పుడు గనులు లేవు. బంగారం తీశాక మిగిలిన మట్టి పోసిన సైనైడ్ దిబ్బలున్నాయి, గాలి వీస్తే వాటి మీద నుంచి లేచే తెల్లటి దుమ్ముంది. దిబ్బల కింద ఖాళీగా పడున్న పాత బంగళాలో మా మకాం. నీళ్ళు ట్యాంకరుతో వచ్చేవి. కరెంటు దాని ఇష్టం.

పని ఒక్కటే. సైన్యం సైకిల్ జట్టులో ఒక చోటు ఖాళీ ఉంది. దిబ్బల దగ్గర నుంచి బూదికోట వైపు పోయే రోడ్డు మీద మా రైడరు నలభై నిమిషాలు తొక్కాలి. సగటు బలం 270 వాట్లు రావాలి. పెద్ద పోటీ కూడా ఇలాంటి చెడ్డ రోడ్డు మీదే జరుగుతుంది కాబట్టి పరీక్ష ఇక్కడే జరగాలని ఆర్డరు. వస్తే జట్టులో చోటు. రాకపోతే వెనక్కి, సరిహద్దులోని మంచు పోస్టుకు.

రైడరు టేకల్ వాడు. రాగులు పండించే ఇంట్లో పుట్టాడు. ఆ పోస్టు నుంచే వచ్చాడు. అక్కడ మంచు విరిగిపడితే కూరుకుపోయిన ఇద్దరిని చేతులతో తవ్వి తీశాడు. ఇద్దరూ బతకలేదు. మండుటెండలో కూడా చల్లటి నీళ్ళు ముట్టేవాడు కాదు.

"మల్లా ఆ మంచులోకి నేను పోలేనన్నా," అన్నాడు నాతో, టైరుకు గాలి కొడుతూ. "ఈడ్నే రోడ్డు మీద చచ్చినా సరే."

సైకిల్ సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. పెడల్‌ను పట్టి ఉండే ఇనుప చెయ్యి, మేం క్రాంకు అంటాం, అడుగు పడినప్పుడల్లా వెంట్రుకవాసి వంగుతుంది. దానికి అతికించిన మీటరు ఆ వంపును కొలుస్తుంది. కాలు నిమిషానికి ఎన్ని చుట్లు తిరిగిందో లోపలి చిప్పు కదలికను బట్టి ఊహిస్తుంది. ఈ రెండింటినీ గుణిస్తే వాట్లు, హ్యాండిల్ మీది చిన్న తెర మీద కనిపిస్తాయి. నున్నటి రోడ్డు మీద దానికి వంక పెట్టలేం. గుంతల రోడ్డు మీద ఏది కుదుపో ఏది చుట్టో చిప్పుకు తెలియదు. చుట్లు మింగేస్తుంది, లేనివి కలుపుతుంది.

హైవే మీద మా రైడరు 285 అనాయాసంగా తొక్కాడు. బూదికోట రోడ్డెక్కగానే అంకెలకు పిచ్చెక్కింది. 310, 140, సున్నా, మళ్ళీ 260. టైర్లలో గాలి తగ్గించాను. బ్యాటరీ మార్చాను. మీటరును విప్పి మళ్ళీ బిగించాను. ఫలితం అంతంత మాత్రం. అయస్కాంతంతో చుట్లు లెక్కపెట్టే రకం మీటరుంది, దానికి ఈ తిప్పలుండవు. అది పంపమని కోచ్ రెండుసార్లు అడిగాడు. వస్తుందన్నారు. రాలేదు.

"కాళ్ళు బాగుండాయని నేను చెప్తే వింటారా అప్పా?" అన్నాడు కోచ్. "పైనోళ్ళకి నంబరే కావల్ల."

పరీక్ష రోజు పొద్దున సగటు 241 వచ్చింది. సాయంత్రంలోగా నంబరు పంపాలి. ఇంకొక్కసారి తొక్కుతానని రైడరు కోచ్ కాళ్ళ మీద పడ్డాడు. కోచ్ ఆకాశం వైపు చూశాడు.

"ఎండ చూడప్పా. పిట్ట కూడా తిరగడంల్యా."

"ఎండకి నేను చావను సార్. ఆడికి పంపిస్తే చస్తాను."

కోచ్ ఒప్పుకున్నాడు. పదకొండుంబావుకు బయలుదేరాం. సైకిల్ ముందు, జీపు వెనక. రైడరు తెర మీద కనిపించే నంబరు జీపులో ఫోన్ మీద మాకూ కనిపిస్తుంది.

"నూట ఎనబై," అన్నాడు కోచ్ సెట్లో. "తొక్కు."

"తొక్కతా ఉండాను సార్. కాళ్ళు తిరగతా ఉండాయి. ఇంగేం చేసేది?"

నిజమే. అద్దంలోంచి చూస్తున్నాను, కాలు ఒక్క చుట్టు కూడా తప్పలేదు. నంబరు మాత్రం గుంత గుంతకూ పడిపోతోంది. పడినప్పుడల్లా దాన్ని లేపడానికి అతను ఇంకా గట్టిగా తొక్కుతున్నాడు. లేని లోటు పూడ్చడానికి ఉన్న ప్రాణమంతా పోస్తున్నాడు. నాకు ఏడుపొచ్చింది.

"అది అబద్ధం సార్, ఆపించండి," అన్నాను.

కోచ్ సెట్టు నోటి దగ్గర పెట్టుకున్నాడు. "చాలప్పా. ఆపెయ్. ఆర్డరు ఇది."

"ఆపను సార్."

సర్వీసులో అతను ఆర్డరు కాదనడం అదొక్కసారే. డ్రైవరు హారన్ కొడుతూ ముందుకు పోనిచ్చాడు. మేం దాటేలోపే సైకిల్ అటూ ఇటూ ఊగి మామిడితోట పక్కన కాలువలో పడింది. పరిగెత్తి పట్టుకున్నాను. ఒళ్ళు పెనంలా కాలుతోంది. ఒక్క చెమట చుక్క లేదు.

"చలిగా ఉండాదన్నా," అన్నాడు. "వాళ్ళు లోపలుండారు. తవ్వండన్నా."

ఉన్న నీళ్ళన్నీ గుమ్మరించి జీపులో పడుకోబెట్టాం. ఆసుపత్రిలో ప్రాణం దక్కింది. కిడ్నీలు దక్కలేదు. మంచు పోస్టుకూ పోలేదు, జట్టులోకీ రాలేదు. పనికిరాడని రాసి సైన్యం ఇంటికి పంపింది. కోచ్, డ్రైవరు ముందే వెళ్ళిపోయారు; వారం తర్వాత సామాను పెట్టెలతో నేను ఒక్కడినే రైలెక్కి యూనిట్‌కు తిరిగొచ్చాను. ఆ తర్వాత చాలా చోట్ల పనిచేశాను, రిటైరయ్యాను. చాలా సంగతులు మరిచిపోయాను.

ఆసుపత్రికి పోయేటప్పుడు జీపులో చూసింది మాత్రం నన్ను వదలదు. సైకిల్‌ను అతని పక్కనే పడుకోబెట్టి, జారకుండా పెడల్‌ను సీటు కాలికి తాడుతో బిగించి కట్టాను. అదే గుంతల రోడ్డు. తాడు లాగుతుంటే మీటరు దాన్ని కాలి బలం అనుకుంది. జీపు కుదుపులను చుట్లుగా లెక్కపెట్టింది. తెర అతని మొహానికి జానెడు దూరంలో వెలుగుతోంది. 255. 261. 268. ఆ సైకిల్‌ను ఎవరూ తొక్కడం లేదు.

అతను కళ్ళు తెరిచి అది చూశాడు.

"ఇంగ రెండే కదన్నా," అన్నాడు.

జీపు అడుగున అతని పాదాలు రెండూ, ఒకదాని వెనక ఒకటి, మెల్లగా తిరగడం మొదలుపెట్టాయి.